‘గెలవడు’ అనే మాట
అభ్యర్థుల ఎంపికలో జాతి వివక్షను గుర్తుపట్టడం ఎలా?

పోయిన ఏడాది అంబేద్కర్ జయంతికి హాస్టల్‌కు వచ్చినప్పుడు సాయంత్రం స్టడీ అవర్‌లో తమ్ముళ్ళతో కాసేపు కూర్చున్నాను. అమెరికా ఎన్నికల మాట వచ్చింది. పదో తరగతి తమ్ముడొకడు లేచి, “అన్నా, 2008లో ఒబామాకు నల్లజాతివాళ్ళు నూటికి 95 మంది ఓటేశారంట. తెల్లవాళ్ళు తెల్లవాళ్ళకే వేస్తే జాతి వివక్ష అంటాం. నల్లవాళ్ళు నల్లవాళ్ళకే వేస్తే అది కాదా?” అని అడిగాడు. పొలిటికల్ సైన్స్‌లో పీజీ చదువుతున్నవాణ్ణి కాబట్టి ఏదో ఒకటి చెప్పి కూర్చోబెట్టాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, వాడికీ తెలుసు. ఈ వ్యాసం ఆ తమ్ముడికి నేను బాకీపడ్డ జవాబు.

ముందుగా ఒక తేడా

జాతిని గమనించడం వేరు, జాతిని బట్టి మనిషిని తక్కువ చేయడం వేరు. ఈ రెండూ కలిసిపోతే చర్చ ముందుకు సాగదు.

మన హాస్టల్ అడ్మిషన్ ఫారంలో కులం కాలమ్ ఉంటుంది. పట్నంలో గది అద్దెకు అడిగితే ఇంటి ఓనరు కూడా కులమే అడుగుతాడు. ఇద్దరిదీ ఒకే ప్రశ్న. కానీ ఒకరు లోపలికి రానివ్వడానికి అడిగారు, ఇంకొకరు బయటే నిలబెట్టడానికి అడిగారు. కనుక “కులం చూశారా, జాతి చూశారా” అనేది సగం ప్రశ్న మాత్రమే. “చూసి ఏం చేశారు?” అనేది మిగతా సగం.

ఈ తేడాను మనసులో పెట్టుకొని అమెరికా చరిత్రలో అభ్యర్థుల ఎంపిక ఎలా జరిగిందో చూద్దాం. అక్కడ పార్టీ అభ్యర్థిని నిర్ణయించడానికి ముందుగా ‘ప్రైమరీ’ అనే ఎన్నిక జరుగుతుంది. అందులో గెలిచినవాడే అసలు ఎన్నికలో పార్టీ తరఫున నిలబడతాడు. కాబట్టి వివక్షకు చోటు రెండు దగ్గర్ల ఉంది: అభ్యర్థిని ఎంచేటప్పుడు, ఓటు వేసేటప్పుడు.

1. తలుపు మూసేయడం

అమెరికా రాజ్యాంగానికి 1870లో వచ్చిన 15వ సవరణ జాతి కారణంగా ఎవరికీ ఓటు హక్కు నిరాకరించరాదని చెప్పింది. అయినా దక్షిణాది రాష్ట్రాలు ఓటు పన్ను, అక్షరాస్యత పరీక్ష వంటి అడ్డంకులు పెట్టాయి. ఇంకో ఎత్తు కూడా వేశాయి. ఆ రోజుల్లో దక్షిణాదిలో డెమోక్రటిక్ పార్టీదే ఏకఛత్రాధిపత్యం. ఆ పార్టీ ప్రైమరీలో గెలిస్తే అసలు ఎన్నిక నామమాత్రమే. అందుకని టెక్సాస్ వంటి చోట్ల ప్రైమరీలో తెల్లవారే ఓటు వేయాలని పార్టీ నియమం పెట్టింది. “ఇది మా పార్టీ సొంత వ్యవహారం, ప్రభుత్వానికి సంబంధం లేదు” అన్నది వాళ్ళ వాదన.

హ్యూస్టన్‌కు చెందిన దంత వైద్యుడు లానీ స్మిత్ దీనిపై కోర్టుకు వెళ్ళాడు. ఆయన తరఫున వాదించినవారిలో తర్వాతి కాలంలో అమెరికా సుప్రీంకోర్టుకు తొలి నల్లజాతి న్యాయమూర్తి అయిన థర్‌గుడ్ మార్షల్ ఉన్నారు. 1944లో సుప్రీంకోర్టు ఈ ‘తెల్లవారి ప్రైమరీ’ చెల్లదని తీర్పు ఇచ్చింది. 1965లో ఓటు హక్కు చట్టం వచ్చాక గానీ దక్షిణాదిలో నల్లజాతి ప్రజలు పెద్ద సంఖ్యలో ఓటర్ల జాబితాలోకి ఎక్కలేకపోయారు.

ఈ రకం వివక్షపై ఇప్పుడు పెద్దగా చర్చ ఉండదు. ఇది తప్పని అందరూ ఒప్పుకుంటారు. చర్చంతా దీని తర్వాత వచ్చే రకాల మీదనే.

2. పార్టీ కంటే రంగు ముఖ్యం కావడం

చికాగో నగరం 1927 తర్వాత రిపబ్లికన్ మేయర్‌ను ఎన్నుకోలేదు. అక్కడ డెమోక్రటిక్ ప్రైమరీలో గెలిచినవాడు మేయర్ అయినట్టే లెక్క. 1983లో ఆ ప్రైమరీలో హెరాల్డ్ వాషింగ్టన్ అనే నల్లజాతి నాయకుడు గెలిచాడు. వెంటనే పరిస్థితి మారిపోయింది. జీవితమంతా డెమోక్రటిక్ పార్టీకే ఓటు వేస్తూ వచ్చిన తెల్లవారిలో అత్యధికులు ఒక్కసారిగా రిపబ్లికన్ అభ్యర్థి బెర్నార్డ్ ఎప్టన్ వైపు మళ్ళారు. ‘సమయం మించిపోకముందే’ ఎప్టన్‌కు ఓటేయండన్న నినాదం వెలువడింది. అందులో జాతి పేరు లేదు. అయినా ఏ సమయం మించిపోతుందో నగరంలో ప్రతి ఒక్కరికీ అర్థమైంది. వాషింగ్టన్ సుమారు 52 శాతం ఓట్లతో గట్టెక్కాడు.

ఇక్కడ మనకొక కొలబద్ద దొరుకుతుంది. ఓటరు నమ్మిన పార్టీ ఒకవైపు, రంగు ఇంకొకవైపు ఉన్నప్పుడు అతను దేని వెంట వెళ్ళాడు? రెండూ ఒకవైపే ఉన్నప్పుడు మనం ఏమీ తేల్చలేం. విడిపోయినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

3. ఇద్దరికి రెండు కొలతలు

అమెరికా అధ్యక్షుడు పుట్టుకతో ఆ దేశ పౌరుడై ఉండాలి. 2008లో పోటీపడ్డ ఇద్దరిలో జాన్ మెకెయిన్ 1936లో పనామా కాలువ ప్రాంతంలో పుట్టాడు. బరాక్ ఒబామా 1961లో అమెరికాలోని హవాయి రాష్ట్రం హోనొలులులో పుట్టాడు. దేశం వెలుపల పుట్టిన మెకెయిన్ అర్హతపై కొందరు ప్రశ్న లేవనెత్తితే, ఆయన పుట్టుకతో పౌరుడేనంటూ సెనేట్ 2008 ఏప్రిల్‌లో ఏకగ్రీవంగా తీర్మానించింది. దానితో ఆ మాట చాలావరకు సద్దుమణిగింది. దేశంలోపల పుట్టిన ఒబామాను మాత్రం “నువ్వు ఇక్కడ పుట్టలేదు” అని ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. అధ్యక్షుడైన రెండేళ్ళ తర్వాత, 2011 ఏప్రిల్‌లో ఆయన తన పూర్తి జనన ధ్రువపత్రాన్ని బయటపెట్టవలసి వచ్చింది.

ప్రశ్న అడగడం తప్పు కాదు. ఒకరికి సరిపోయిన జవాబు ఇంకొకరికి ఎందుకు సరిపోలేదన్నదే ఆలోచించాలి.

4. “నాకేం అభ్యంతరం లేదు, మిగతావాళ్ళే వెయ్యరు”

అన్నిటికంటే కష్టమైనది ఈ నాలుగో రకం. ఇందులో ఎవరూ ఎవరినీ తిట్టరు. “మనిషి మంచివాడే, సమర్థుడే. కానీ గెలవడు” అంటారు. నేరమంతా అక్కడ లేని మూడో మనిషి మీదకు పోతుంది.

దీనికి ఆధారం లేకపోలేదు. 1982లో లాస్ ఏంజెలెస్ మేయర్ టామ్ బ్రాడ్లీ కాలిఫోర్నియా గవర్నర్ పదవికి పోటీ చేశాడు. సర్వేలు ఆయనే గెలుస్తాడన్నాయి. ఫలితంలో స్వల్ప తేడాతో ఓడిపోయాడు. నల్లజాతి అభ్యర్థికి వేస్తామని సర్వేలో చెప్పి, ఓటు దగ్గర మాట మార్చేవాళ్ళుంటారన్న అభిప్రాయానికి అప్పటి నుంచి ‘బ్రాడ్లీ ప్రభావం’ అని పేరు వచ్చింది. అయితే బ్రాడ్లీ ఓటమికి పోస్టు ద్వారా వచ్చిన ఓట్లు వంటి ఇతర కారణాలు కూడా ఉన్నాయని వాదించేవారున్నారు. 1989లో వర్జీనియాలో బానిసల మనవడైన డగ్లస్ వైల్డర్ గవర్నరుగా గెలిచినా, సర్వేలు చెప్పినంత మెజారిటీ రాలేదు. ఏడు వేల లోపు ఓట్లతో బయటపడ్డాడు.

ఈ అనుభవాల వల్ల 2007లో నల్లజాతి ఓటర్లలోనే చాలామంది ఒబామా పట్ల సందేహంగా ఉన్నారు. ఆ ఏడాది జరిగిన పలు సర్వేల్లో నల్లజాతి ఓటర్లలో కూడా హిల్లరీ క్లింటన్‌దే పైచేయి. “తెల్లవాళ్ళు ఇతనికి వెయ్యరు, మన ఓటు వృథా” అన్న భయం దీనికి ఒక కారణం. 2008 జనవరి 3న అయోవా రాష్ట్రంలో మొదటి పోటీ జరిగింది. అక్కడి జనాభాలో తెల్లవారు నూటికి 90 మందికి పైనే. ఒబామా అక్కడ గెలిచాడు. అదే నెల 26న దక్షిణ కరోలినా ప్రైమరీలో నల్లజాతి ఓటర్లలో దాదాపు ఐదింట నాలుగు వంతుల మంది ఆయనకు ఓటేశారు. నెల తిరగకముందే మనిషి మారలేదు, రంగు మారలేదు. ‘గెలవడు’ అన్న మాట ఒక్కటే పడిపోయింది.

పోటీ ముగింపుకు వచ్చిన మే నెలలో హిల్లరీ క్లింటన్ ఒక పత్రికతో మాట్లాడుతూ, కష్టపడి పనిచేసే తెల్లజాతి ఓటర్లలో తనకే బలం ఎక్కువ ఉందని, అందువల్ల అసలు ఎన్నికలో తాను మెరుగైన అభ్యర్థినని అర్థం వచ్చేలా చెప్పారు. ఇది లెక్క మాత్రమేనని కొందరు, జాతిని వాడుకోవడమేనని కొందరు వాదించుకున్నారు. నా అభిప్రాయం చెబుతాను. లెక్క చెప్పడం తప్పు కాదు. “తెల్లవారిలో కొందరు అతనికి వెయ్యరు, కాబట్టి పార్టీ అతన్ని వదులుకోవాలి” అన్నప్పుడు మాత్రం, ఆ కొందరి వివక్షను మనం చేతులారా అమలు చేసినట్టే. వాళ్ళు ఓటు కేంద్రానికి రాకముందే వాళ్ళ మాట నెగ్గించినవాళ్ళమవుతాం.

ఒక్క జాగ్రత్త. ఇదే మాటను నల్లజాతి ముసలామె భయంతో అనడం, పార్టీ పెద్ద అధికారంతో అనడం ఒకటి కావు. ఆమె దెబ్బలు తిన్న అనుభవంతో అంటుంది. ఆయన టికెట్ చేతిలో పెట్టుకొని అంటాడు. తలుపు తీయగలిగినవాడు తలుపు తీయకపోవడమే వివక్ష.

తమ్ముడి ప్రశ్నకు జవాబు

ఇప్పుడు 95 శాతం సంగతి. ఎగ్జిట్ పోల్స్ ప్రకారం 2008లో నల్లజాతి ఓటర్లలో 95 శాతం ఒబామాకు వేశారు. ఇది నిజమే. కానీ 2000లో అల్ గోర్‌కు 90 శాతం, 2004లో జాన్ కెర్రీకి 88 శాతం వేశారు. వాళ్ళిద్దరూ తెల్లవారే. అంటే ఒబామాకు వచ్చిన ఓట్లలో అధికభాగం డెమోక్రటిక్ పార్టీకి ఎవరు నిలబడినా వచ్చేవే. పెరిగింది ఐదు నుంచి ఏడు శాతం.

రంగే కారణమైతే ఇంకో రెండు విషయాలు జరగకూడదు. 2000లో చికాగోలో కాంగ్రెస్ స్థానానికి ప్రైమరీ జరిగితే, నల్లజాతివారు అధికంగా ఉన్న ఆ నియోజకవర్గంలో ఒబామా చిత్తుగా ఓడిపోయాడు. గెలిచిన బాబీ రష్ కూడా నల్లజాతివాడే. తమకు బాగా తెలిసిన నాయకుడిని కాదని కొత్తగా వచ్చిన చదువుకున్న కుర్రవాణ్ణి ఓటర్లు ఎంచుకోలేదు. రెండోది, 2006లో మేరీల్యాండ్ రాష్ట్రంలో సెనేట్‌కు రిపబ్లికన్ తరఫున మైకేల్ స్టీల్ పోటీ చేశాడు. ఆ రాష్ట్రానికి తొలి నల్లజాతి లెఫ్టినెంట్ గవర్నర్ ఆయనే. అయినా నల్లజాతి ఓటర్లలో నలుగురిలో సుమారు ముగ్గురు తెల్లజాతి డెమోక్రాట్ బెన్ కార్డిన్‌కే ఓటేశారు. పార్టీ, రంగు విడిపోయినప్పుడు వాళ్ళు పార్టీ వెంట వెళ్ళారు. చికాగోలో 1983లో తెల్లజాతి డెమోక్రాట్లు రంగు వెంట వెళ్ళారు. తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఈ రెండు ఉదాహరణల మధ్య ఉంది.

మరి పెరిగిన ఆ ఐదారు శాతం మాటేమిటి? అందులో ‘మనవాడు’ అన్న అభిమానం ఉండే ఉంటుంది. 200 ఏళ్ళకు పైగా ఒక్కసారి కూడా దక్కని పదవి దక్కబోతున్నప్పుడు కలిగే అభిమానం అది. దానివల్ల తెల్లవారికెవరికీ అధ్యక్ష పదవి మూసుకుపోలేదు. అయితే అభిమానానికీ హద్దు ఉండాలి. అసమర్థుడనో అవినీతిపరుడనో తెలిసి కూడా ‘మనవాడు’ అని వేస్తే అది తప్పే. దాన్ని జాతి వివక్ష అనకపోయినా, మనకు మనం చేసుకున్న అన్యాయం అనాలి.

కావాలని ఎంచుకుంటే?

2008 మార్చిలో జెరాల్డిన్ ఫెరారో అనే నాయకురాలు, ఒబామా తెల్లవాడైతే ఈ స్థాయికి వచ్చేవాడు కాదన్నారు. దుమారం రేగి, క్లింటన్ ప్రచార బృందంలోని బాధ్యత నుంచి తప్పుకున్నారు. విశేషం ఏమిటంటే 1984లో ఉపాధ్యక్ష పదవికి పెద్ద పార్టీ తరఫున పోటీ చేసిన తొలి మహిళ ఆమే. స్త్రీని కాకపోతే తనకూ ఆ అవకాశం వచ్చేది కాదని ఆమె స్వయంగా ఒప్పుకున్నారు.

ఆమె మాటలో పొరపాటు ఎక్కడుంది? జాతి వల్ల ఒబామాకు కలిసివచ్చిన దాన్ని లెక్కించి, అదే జాతి వల్ల దాటవలసి వచ్చిన దాన్ని లెక్కించలేదు. 1972లో షెర్లీ చిషోమ్, 1984లోనూ 1988లోనూ జెస్సీ జాక్సన్ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడి ఆగిపోయారు. నల్లగా ఉండటమే లాభమైతే వాళ్ళు ఎందుకు ఆగిపోయారు? 2020లో జో బైడెన్ ముందే మహిళను ఎంచుకుంటానని ప్రకటించి, తర్వాత కమలా హారిస్‌ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా తీసుకున్నప్పుడు, 2024లో ఆమె అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడినప్పుడు ఈ వాదన మళ్ళీ వినబడింది. ఆమె విధానాలను విమర్శించడం వివక్ష కాదు. ఓడించడమూ వివక్ష కాదు. రాష్ట్ర అటార్నీ జనరల్‌గా, సెనేటర్‌గా ఆమె చేసిన పని ఊసే ఎత్తకుండా “కోటాలో వచ్చింది” అని కొట్టిపారేయడం మాత్రం మనకు బాగా పరిచయమున్న వివక్ష. మనలో ఎంతమందికి సీటు వచ్చినప్పుడు ఆ మాట వినబడలేదు?

మన దగ్గరకు వస్తే

కులం, జాతి ఒకటేనా అన్నది వేరే చర్చ. 2001లో డర్బన్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సులో కులాన్ని చేర్చాలని దళిత సంఘాలు కోరితే, కులం జాతి కాదని భారత ప్రభుత్వం వ్యతిరేకించింది. రెండిటి మూలాలు వేరు. కానీ పోలిక బాబాసాహెబ్ స్వయంగా గమనించినదే. 1913 నుంచి 1916 వరకు ఆయన న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. 1946లో నల్లజాతి మేధావి డుబాయిస్‌కు లేఖ రాశారు. ఐక్యరాజ్యసమితికి నల్లజాతివారు పెట్టుకున్న విజ్ఞప్తి ప్రతి కావాలని అడిగారు.

1932 పూనా ఒప్పందంలో ప్రైమరీ ఎన్నిక ఉందని మనలో ఎంతమందికి తెలుసు? ఒక్కో రిజర్వుడు స్థానానికి ముందుగా అణగారిన వర్గాల ఓటర్లే నలుగురు అభ్యర్థుల జట్టును ఎన్నుకోవాలి. ఆ నలుగురిలో ఒకరిని అన్ని కులాల ఓటర్లూ కలిసి ఎన్నుకోవాలి. అంటే ‘మా అభ్యర్థి ఎవరో ముందు మమ్మల్ని చెప్పనివ్వండి’ అన్న హక్కు కొంతవరకైనా అందులో ఉంది. స్వాతంత్ర్యం తర్వాత సీట్ల రిజర్వేషన్ నిలిచింది గానీ ఈ ప్రైమరీ నిలవలేదు. ఈరోజు రిజర్వుడు స్థానంలో కూడా అభ్యర్థి ఎవరన్నది పార్టీలే తేలుస్తాయి. ఇక జనరల్ స్థానంలో ఎస్సీ అభ్యర్థికి టికెట్ అడిగితే వచ్చే జవాబు మనకు తెలిసిందే: “గెలవడు.”

ఆ మాట పార్టీ పెద్దలే అంటారనుకుంటే పొరపాటు. డిగ్రీ రెండో సంవత్సరంలో మా కాలేజీ సాహిత్య సంఘం కార్యదర్శి ఎన్నిక జరిగింది. మా హాస్టల్ మిత్రుడొకడు వక్తృత్వంలో అందరికంటే ముందుండేవాడు. నామినేషన్ వేస్తానన్నాడు. వద్దన్నది మేమే. “ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఎస్సీ హాస్టల్ వాడికి వెయ్యరురా, పరువు పోతుంది” అన్నాం. అలా అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. బయటివాళ్ళను ఒక్కరినైనా అడిగి చూడలేదు. వాడు ఆగిపోయాడు. ఎన్నిక అయ్యాక మా క్లాసులో ఇంటి నుంచి వచ్చే అబ్బాయి ఒకడు, “మీవాడు ఎందుకు నిలబడలేదు? మేం వేద్దామనుకున్నాం” అన్నాడు. నిలబడితే గెలిచేవాడని నేను చెప్పలేను. ఒక్కడి మాటతో అది తేలదు. మా అయోవాను జరగకుండా ఆపింది మాత్రం మేమే.

గుర్తుపెట్టుకోవలసిన నాలుగు ప్రశ్నలు

అభ్యర్థి ఎంపికలో వివక్ష ఉందా లేదా అని చర్చ వచ్చినప్పుడు ఈ నాలుగూ వేసుకుంటే చాలావరకు తేలిపోతుంది.

1) జాతిని లేదా కులాన్ని చూసి ఏం చేశారు? తలుపు తీశారా, మూశారా?
2) పార్టీ, విధానం ఒకవైపు, రంగు ఇంకొకవైపు ఉన్నప్పుడు దేని వెంట వెళ్ళారు?
3) ఇదే ప్రశ్న, ఇదే కొలత అవతలి అభ్యర్థికీ పెట్టారా?
4) ‘గెలవడు’ అంటున్నది ఎవరు? లెక్క చూసి అంటున్నారా, అడగకుండానే అంటున్నారా?

మైకేల్ స్టీల్ ఓడిపోయిన మేరీల్యాండ్ రాష్ట్రమే 2022లో వెస్ మూర్‌ను తన తొలి నల్లజాతి గవర్నర్‌గా ఎన్నుకుంది. స్టీల్ ఒకప్పుడు చేసిన లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి ఆయనతో కలిసి ఎన్నికైన అరుణా మిల్లర్ మన హైదరాబాద్‌లో పుట్టిన ఆమె. ఒకరు ఓడారని వాళ్ళ జాతివారెవరూ గెలవరని లెక్క కట్టి ఉంటే ఈ ఇద్దరూ నామినేషన్ దగ్గరే ఆగిపోయేవారు.

తమ్ముళ్ళారా, రేపు మీలో ఎవరైనా హాస్టల్ లీడర్‌గానో, కాలేజీ ప్రతినిధిగానో, ఊరి జనరల్ స్థానంలో సర్పంచ్‌గానో నిలబడతానంటే, సమర్థుడు కాదనుకుంటే ముఖం మీదే చెప్పండి. అది మీ హక్కు. సమర్థుడే అనుకుంటే మాత్రం ఓట్లు లెక్కపెట్టే పని లెక్కింపు రోజుకే వదిలేయండి. ముందే మనం లెక్కపెట్టి ఓడించవద్దు.

స్టడీ అవర్‌లో చర్చకు: మీ ఊళ్ళో పోయిన ఎన్నికల్లో ‘గెలవడు’ అని ఎవరిని అన్నారు? అన్నది ఎవరు? ఎవరినైనా అడిగి అన్నారా?